ఐదో క్లాసు పిల్లలు రెండో క్లాసు పాఠం ఎందుకు చదవలేకపోతున్నారు?

ఈ రోజు ఒక నంబర్‌తో మొదలుపెడదాం. అసర్ అని ఒక సర్వే ఉంది. ప్రథమ్ అనే సంస్థ 2005లో మొదలుపెట్టింది. వాలంటీర్లు పల్లెటూళ్లలో ఇళ్లకి వెళ్లి, పిల్లల చేత చదివించి చూస్తారు. 2024 సర్వేలో దేశం మొత్తం మీద, ఐదో తరగతి పిల్లల్లో రెండో తరగతి పాఠం చదవగలిగినవాళ్లు 48.8 శాతమే. మిగతావాళ్లు బడి మొహం చూడనివాళ్లు కాదండీ, ఐదో క్లాసు దాకా వచ్చినవాళ్లు!

ఇది వినగానే "గవర్నమెంట్ సార్లు చెప్పరు, అందుకే" అనేస్తాం. నేను ఒప్పుకోను. బిహార్ సంగతి చూడండి. 2008 జూన్‌లో అక్కడ ప్రభుత్వ టీచర్లే నెల రోజులు వేసవి క్యాంపులు నడిపారు. సిలబస్ లేదు, వెనకబడిన పిల్లలకి చదవడం నేర్పడమే పని. పిల్లలు మెరుగుపడ్డారు. బడులు తెరిచాక అదే పద్ధతి మీద టీచర్లకి ట్రైనింగ్ ఇచ్చారు, మెటీరియల్ ఇచ్చారు. పెద్దగా మార్పేమీ రాలేదు. దీన్ని స్టడీ చేసిన టీమ్‌లో అభిజిత్ బెనర్జీ, ఎస్తేర్ డఫ్లో ఉన్నారు, 2019లో ఎకనామిక్స్ నోబెల్ అందుకున్నవాళ్లు.

మరి తేడా ఎక్కడొచ్చింది? బడి తెరిచాక టీచర్ పని మారిపోతుంది. సిలబస్ అయిపోవాలి. 2009 విద్యాహక్కు చట్టం సెక్షన్ 24 చదివితే భలే ఉంటుంది. మొత్తం పాఠ్యాంశాలు టైమ్‌కి పూర్తి చేయాలని ఒక క్లాజ్. ప్రతి పిల్లాడి స్థాయి చూసి, అవసరమైతే అదనంగా చెప్పాలని ఆ పక్కనే ఇంకో క్లాజ్. సిలబస్ ఎంతయిందని పైనుంచి అడుగుతారు. ఆ చివరి బెంచీ అమ్మాయికి గుణింతాలు వచ్చాయా అని ఎంతమంది అడుగుతారు? ఇంట్లో చదువు చెప్పేవాళ్లుంటే ఆ గ్యాప్ ఇంట్లోనే పూడుతుంది. అమ్మానాన్నా కూలికెళ్లే ఇంట్లో, ట్యూషన్ డబ్బుల్లేని ఇంట్లో, అది ఏటా పెరుగుతుంది. మూడో క్లాసులో తప్పిపోయిన పిల్లకి ఐదో క్లాసు పాఠం అంతా పక్కూరి మైకులో వినిపించే మాటల్లా ఉంటుంది.

ప్రథమ్ వాళ్ల పద్ధతి సింపుల్. మూడు నుంచి ఐదో తరగతి పిల్లల్ని ఒక్కొక్కరినీ చదివించి చూస్తారు. రోజూ గంటో రెండు గంటలో, క్లాసుతో సంబంధం లేకుండా, అక్షరాల దగ్గర ఉన్నవాళ్లు ఒక గుంపు, పదాల దగ్గర ఉన్నవాళ్లు ఇంకో గుంపు.

ఇక్కడ మీకు డౌట్ రావాలి. ఇంటర్ కాలేజీల్లో ర్యాంకుల సెక్షన్లు చూసినవాళ్లం కదా! మార్కులొచ్చేవాళ్లకి మంచి లెక్చరర్లు, చివరి సెక్షన్‌ని పట్టించుకునే నాథుడు ఉండడు. ఇదీ అదేనా? కాదు. అక్కడ ముద్ర పడితే ఏడాదంతా ఉంటుంది. ఇక్కడ గుంపు ఆ గంటకే, మిగతా టైమ్ అందరూ ఒకే క్లాసు. పదాలు వచ్చిన రోజు పిల్ల పై గుంపులోకి వెళ్తుంది. అసలు ఈ ఏర్పాటంతా కింద ఉన్నవాళ్ల కోసమే. కానీ టీచర్ "మొద్దుల గుంపు" అన్నారో, మొత్తం పాడైనట్టే. అందుకే ఇది ట్రైనింగ్ ఒక్కదానితో అయ్యే పని కాదు.

హర్యానాలో 2012-13లో ఇదే పద్ధతికి టైమ్‌టేబుల్‌లోనే విడిగా గంట కేటాయించారు, అధికారులు బడికొచ్చి చూసుకున్నారు. ఈసారి మామూలు ప్రభుత్వ టీచర్లతోనే హిందీ చదవడం మెరుగుపడింది. లెక్కల్లో మాత్రం మార్పు లేదు, ఎందుకంటే ఆ గంటలో చెప్పింది హిందీయే. మన తెలంగాణలో 2022లో వచ్చిన 'తొలిమెట్టు' కూడా ఒకటి నుంచి ఐదో తరగతి వరకు ఇలాంటి పునాది కోసమే. దాన్ని కూడా నేను ఇదే ప్రశ్నతో చూస్తా: ఆ గంట నిజంగా మిగులుతోందా, సిలబస్ మింగేస్తోందా?

మీ ఇంట్లో చెల్లో తమ్ముడో ఉంటే ఐదు నిమిషాల్లో చూడొచ్చు. ముందు ఒకటో తరగతి తెలుగు పుస్తకంలో నాలుగు లైన్లు చదివించండి. వస్తే రెండో తరగతి కథ ఇవ్వండి. రాకపోతే ఐదు చిన్న పదాలు, నాలుగు చదివితే చాలు. అదీ రాకపోతే అక్షరాలు. ఎక్కడ ఆగితే రేపట్నుంచి అక్కడే మొదలుపెట్టండి, రోజూ అరగంట. ఆ అరగంట క్లాసు పుస్తకం తీయకండి, ప్లీజ్.