ఎక్స్‌రే గదిలోని మనిషి



ఆబిడ్స్‌లో పెద్ద పోస్టాఫీసు దగ్గర బస్సు దిగి నాంపల్లి స్టేషను వైపు నడుస్తుంటే, చీరల కొట్ల నడుమ ఎక్స్‌రే, స్కానింగు అన్న బోర్డులు కూడా కనిపిస్తూంటాయి. ఏదో ఒకనాడు అలాంటి గదిలోకి వెళ్ళనివాళ్ళం మనలో తక్కువే. “గాలి గట్టిగా పీల్చండి, బిగబట్టండి, ఇక వదలండి” అని మూడు ముక్కలు చెప్పి తలుపు వెనక్కి వెళ్ళిపోయే ఆ మనిషి ముఖం మాత్రం మనకు గుర్తుండదు. ఇవాళ ఆ మనిషి గురించే నాలుగు మాటలు చెప్పాలనుకుంటున్నాను.

బొమ్మ తీసేవారు రేడియోగ్రాఫర్. ఆ బొమ్మను చదివి రిపోర్టు రాసే డాక్టరు రేడియాలజిస్టు. బొమ్మ సరిగా రాకపోతే ఎంత పెద్ద డాక్టరైనా దానిలో ఏం చూడగలరు? బియ్యంలో రాళ్ళుంటే అన్నం ఎవరు వండినా ఒకటే కదా!

ఈ విద్యకు మొదట చేయి అందించింది ఒక ఇల్లాలే. 1895 నవంబరు 8న జర్మనీలో రాంట్‌జన్ అనే ప్రొఫెసరు ఈ కిరణాలను కనిపెట్టాడు. డిసెంబరు 22న భార్య చేతిని పలక మీద పెట్టించి బొమ్మ తీశాడు. వేళ్ళ ఎముకలూ, వేలికున్న ఉంగరమూ స్పష్టంగా పడ్డాయి. మన మెడలో గొలుసులూ, జడలో పిన్నులూ తీసెయ్యమనడం కూడా అందుకే. లోహం ఉన్నచోట తెల్లగా మచ్చ పడి, దాని వెనకున్న జబ్బు కనిపించదు. మంగళసూత్రం తియ్యడానికి మనసొప్పకపోతే ఆ మాట వాళ్ళతోనే చెప్పండి. వీలుంటే పైకి జరిపి బొమ్మ తీస్తారు.

ఇక కరోనా రోజుల సంగతి. తెలంగాణలో మొదటి కేసు 2020 మార్చి 2న బయటపడింది. గాంధీ ఆసుపత్రి, మన ఆబిడ్స్‌కు దగ్గర్లోని కింగ్ కోఠి ఆసుపత్రి కరోనా రోగుల కోసం కేటాయించబడ్డాయి. 2021లో బ్లాక్ ఫంగస్ వచ్చినప్పుడు కోఠీలోని ఇ.ఎన్.టి. ఆసుపత్రికి జనం పరుగెత్తారు. ఆ జబ్బు ముక్కులోంచి కంటిదాకా ఎంత పాకిందో స్కానింగులోనే తెలిసేది. ముందు వరసలో ఉన్నవారనగానే మనకు డాక్టర్లూ, నర్సులూ గుర్తొచ్చారు. ఎక్స్‌రే గది గుర్తు రాలేదు.

నిజానికి ఆ గదిలో ప్రమాదం తక్కువేం కాదు. ముక్కులోంచి తీసిన నమూనా ఫలితం రావడానికి ఒక్కోసారి రోజు, రెండు రోజులు పట్టేది. ఆయాసపడే రోగికి అంతవరకు ఆగే వీలేదీ? జబ్బు ఉన్నదో లేదో తేలకముందే ఛాతీ బొమ్మ తియ్యవలసి వచ్చేది. అది దూరంనుంచి అయ్యే పని కాదు. భుజాలు పట్టి ముందుకు తిప్పాలి, గడ్డం ఎత్తాలి. మంచం దిగలేని రోగి దగ్గరికి యంత్రాన్నే తోసుకెళ్ళి, వీపు కిందికి పలక దూర్చాలి. ఆ పలకకు పాలిథీన్ కవరు తొడిగి, ప్రతి రోగికీ మార్చాలి. సీసం పొర ఉన్న కోటు నాలుగైదు కిలోలు, దాని మీద పి.పి.ఇ. సూటు. మే నెల ఎండల్లో అది వేసుకుని గంటలు గడపడం ఎలా ఉంటుందో, పొయ్యి దగ్గర నిలబడే మనకు వేరే చెప్పాలా?

కిరణాల నుంచి కాపాడుకోవడానికి వాళ్ళకు మూడు సూత్రాలున్నాయి: తక్కువ సేపు ఉండడం, దూరంగా ఉండడం, సీసం అడ్డుపెట్టుకోవడం. దూరం రెట్టింపైతే కిరణాల ధాటి నాలుగో వంతుకు పడిపోతుంది. కాని రోగిని సరిగా పడుకోబెట్టాలంటే దగ్గరికి పోక తప్పదు. కిరణాలు ఎంత తగిలాయో తెలియడానికి ఛాతీ మీద ఒక బిళ్ళ పెట్టుకుంటారు, దాన్ని మూడు నెలలకోసారి పరీక్షకు పంపుతారు. వైరస్ తగిలిందో లేదో చెప్పే బిళ్ళ మాత్రం ఎవరిదగ్గరా లేదు.

మా ఇంటి మేడమీద అద్దెకున్న అమ్మాయి ఈ ఉద్యోగమే చేసేది. 2020 మార్చి 22 సాయంత్రం మేమందరం గుమ్మాల్లో నిలబడి పళ్ళాలు మోగించాం, నేనూ మోగించాను. పదిహేను రోజులు తిరక్కుండా ఆ పిల్ల డ్యూటీనుంచి వస్తున్న అలికిడి వింటే కిటికీ మూసేసుకునేదాన్ని. పెరట్లో కుళాయి దగ్గర స్నానం చేసి, బట్టలు నానేసి గాని తన బిడ్డ దగ్గరికి వెళ్ళేది కాదు. ఒకరోజు కిందనుంచే, “పిన్నిగారూ, పాపకి కాస్త పాలు కాచి ఇస్తారా? నేనింకా తాకకూడదు” అంది. అప్పటికిగాని నాకు సిగ్గు వెయ్యలేదు. మూసిన కిటికీ ఆ రోజు తీశాను.

తరువాత ఎన్నో సంగతులు ఆమె దగ్గర తెలుసుకున్నాను. ఎక్స్‌రే తీసేవారి ఒంట్లో కిరణాలు నిలవుండవు. స్విచ్చి ఆపితే దీపం ఆరినట్టు అవి ఆగిపోతాయి. కాబట్టి వాళ్ళ పక్కన కూర్చోడానికి భయం అక్కర్లేదు. సి.టి. స్కానులో ఊపిరితిత్తుల అయిదు భాగాలకు ఒక్కొక్కదానికి అయిదు చొప్పున ఇరవై అయిదు మార్కులు వేసేవారు. మనం పరీక్ష ఫలితాల్లాగా “మా ఆయనకు ఎనిమిదట, మీ వారికెంత?” అని ఫోన్లు చేసుకున్నాం. ఒంట్లో ఆక్సిజన్ బాగుండి, జబ్బు స్వల్పంగా ఉన్నవారికి ఆ స్కాను అవసరమే లేదని 2021 మే నెలలో ఎయిమ్స్ డైరెక్టరు డాక్టర్ గులేరియా హెచ్చరించారు. ఒక స్కాను మూడు, నాలుగు వందల ఎక్స్‌రేలతో సమానమన్న ఆయన లెక్క నేటి యంత్రాలకు వర్తించదని రేడియాలజిస్టుల సంఘం అన్నది. లెక్క ఏదైనా, డాక్టరు అడగనిదే సొంతంగా స్కాను తీయించుకోకూడదన్నది మనం గుర్తుంచుకోవలసిన మాట.

మరి మనం చెయ్యవలసింది? గర్భం ఉన్నా, ఉందేమోనన్న అనుమానమున్నా మొహమాటపడకుండా ముందే చెప్పండి. ఊపిరి బిగబట్టమంటే బిగబట్టండి. కదిలితే బొమ్మ చెదురుతుంది, మళ్ళీ తియ్యాలి, మళ్ళీ కిరణాలు. పాత ఫిలిములు పారెయ్యక వెంట తీసుకెళ్ళండి. “ఏముందండీ బొమ్మలో?” అని వాళ్ళను గుచ్చి గుచ్చి అడగకండి. ఆ మాట డాక్టరే చెప్పాలి.

ఏటా నవంబరు 8న ప్రపంచ రేడియోగ్రఫీ దినం జరుపుకుంటారు. ఆ రోజు పళ్ళాలు మోగించనక్కర్లేదు. ఈసారి ఆ గదిలోకి వెళ్ళినప్పుడు, ఊపిరి వదలమన్నాక, బయటికి వస్తూ ఒక్కసారి ఆ ముఖం కేసి చూసి “వస్తానమ్మా” అని చెప్పి రండి.