నలుపంతా చేవ కాదు: చెక్క నేల రంగు వెనుక రసాయనం

పశ్చిమ బెంగాల్‌లోని ఖరగ్‌పూర్ రైల్వే కట్టిన ఊరు. బెంగాల్ నాగపూర్ రైల్వే 20వ శతాబ్దపు తొలి ఏళ్లలో ఇక్కడ పెద్ద వర్క్‌షాపు పెట్టింది. ఉత్తరాంధ్ర నుంచి వెళ్లిన తెలుగు కుటుంబాలు ఎన్నో ఆ రైల్వే పనిలో చేరి అక్కడే స్థిరపడ్డాయి. ఆ రోజుల్లో రైలు పెట్టెల గోడలకూ నేలకూ టేకు వాడేవారు. పట్టాల కింద సాల చెక్క ఉండేది. ఇప్పుడు పెట్టెలు ఉక్కువి, పట్టాల కింది స్లీపర్లు కాంక్రీటువి. అయితే తీసేసిన చెక్క ఎక్కడికీ పోలేదు. వేలంలో అమ్ముడై, చేతులు మారి, తలుపులుగా, బల్లలుగా, అక్కడక్కడ ఇంటి నేలగా కూడా మారుతోంది.

పాత స్లీపర్ ముక్క ముదురు గోధుమ రంగులో, ఒక్కోసారి దాదాపు నల్లగా కనిపిస్తుంది. 'బాగా చేవదేరిన చెక్క' అని కొనేవారు మురిసిపోతారు. కాస్త చిత్రిక పట్టి, నచ్చిన రంగు స్టెయిన్ పూస్తే చాలనుకుంటారు. కానీ ఆ ముదురు రంగు చెక్కకు పుట్టుకతో వచ్చిందా, ఎండ వల్ల వచ్చిందా, ఇనుము వల్ల వచ్చిందా, లేక ఎవరో ఎక్కించిన తారు నూనెదా? కంటికి అన్నీ ఒకేలా ఉంటాయి. కొత్త రంగు నిలుస్తుందా లేదా అన్నదీ, ఆ నేల మీద పాకే పసిపిల్లల ఆరోగ్యమూ ఈ ప్రశ్నకు వచ్చే జవాబు మీదే ఆధారపడి ఉంటాయి.

చెక్కకు రంగు ఎలా వస్తుంది?

చెక్కలో దాదాపు సగం సెల్యులోజ్. దానికి రంగు లేదు. పోగులను అంటిపెట్టి ఉంచే లిగ్నిన్ నాలుగో వంతు దాకా ఉంటుంది. చెక్కకు లేత పసుపు ఛాయ ఇచ్చేది, ఎండ తగిలితే ముందుగా మారిపోయేది అదే. టేకుకు బంగారు వన్నె, సాలకు గోధుమ వన్నె ఇచ్చేవి మాత్రం తక్కువ మోతాదులో ఉండే టానిన్లు, క్వినోన్లు, రెసిన్లు.

చెట్టు వయసు పెరిగేకొద్దీ కాండం లోపలి కణాలు చనిపోతాయి. చెట్టు వాటిలో ఈ పదార్థాలను నింపుతుంది. అదే చేవ. దాని చుట్టూ లేత రంగులో ఉండే పొర రసదారువు. నీటిని పైకి తీసుకెళ్లేది, పిండిపదార్థాలను దాచుకునేది ఈ పొరే. చెదపురుగుకూ శిలీంధ్రానికీ అది ఆహారం. చేవలోని పదార్థాలు వాటికి గిట్టవు. టేకులో ఉండే టెక్టోక్వినోన్ చెదలను అడ్డుకునే వాటిలో ఒకటి. అంటే చేవ రంగు, చేవ బలం ఒకే రసాయనాల నుంచి వస్తున్నాయి.

కొనేవారు మోసపోయేది ఇక్కడే. లేత రంగు రసదారువుకు ముదురు స్టెయిన్ పూస్తే అది చేవలా కనిపిస్తుంది, కానీ చేవ కాదు. స్టెయిన్ రంగును ఇస్తుంది, రక్షణను ఇవ్వదు. పైకి టేకులా మెరిసే పలక లోపల చెదలకు మేతగానే మిగులుతుంది.

రంగు లోపలికి ఎంత దిగుతుంది?

చెక్కను సన్నని గొట్టాల కట్టగా ఊహించుకోవచ్చు. ఆ గొట్టాలు పలక పొడవునా సాగుతాయి. అందుకే పలక చివర కోసిన ముఖం రంగును గబగబా పీల్చుకుని నల్లబడుతుంది. అడుగు పెట్టే పైముఖం మాత్రం కొద్దిగానే తాగుతుంది.

స్టెయిన్లలో ప్రధానంగా రెండు రకాలు. పిగ్మెంట్ స్టెయిన్‌లో గేరు మట్టిలో ఉండే ఐరన్ ఆక్సైడ్ లాంటి నలుసులు ఉంటాయి. ఇవి చెక్కలోకి ఇంకవు. నాళాల నోళ్లలో, ఉప్పు కాగితం గీసిన గీతల్లో కూర్చుంటాయి. అందుకే టేకు లాంటి పెద్ద నాళాల చెక్క మీద చారలు మరింత స్పష్టమవుతాయి. డై స్టెయిన్‌లో రంగు అణువుల రూపంలో కరిగి ఉంటుంది. అది కణాల గోడల్లోకి చేరి చెక్కంతటికీ ఒకే ఛాయ ఇస్తుంది. ఎండకు మాత్రం పిగ్మెంట్ కంటే త్వరగా వెలిసిపోతుంది. కిటికీ పక్క నేలకు ఒకటి, గది మూలకు మరొకటి నప్పడానికి కారణం ఇదే.

ఏ రకమైనా దిగే లోతు మిల్లీమీటరులో కొద్ది భాగమే. సాల, టేకు చేవల్లో అది కూడా కష్టం. ఈ చెక్కల్లో నాళాలు లోపలే బిగుసుకుపోయి ఉంటాయి. ద్రవాన్ని లోపలికి రానివ్వని ఈ గుణమే సాలను పట్టాల కింద, వానలో, మట్టిలో ఏళ్ల తరబడి నిలబెట్టింది. ఇప్పుడు స్టెయిన్‌ను అడ్డుకుంటున్నదీ అదే. టేకులో మరో చిక్కు ఉంది. అందులోని జిడ్డు పదార్థాలు పైకి తేలి, వార్నిష్‌ను సరిగా ఆరనివ్వవు, అంటనివ్వవు. అందుకే అనుభవమున్న పాలిష్ మేస్త్రీలు రంగు వేసే ముందు టేకును ద్రావణితో తుడిచి, జిడ్డు మళ్లీ పైకి రాకముందే పని మొదలుపెడతారు.

రంగును చెక్కలోకి కాక చెక్క మీదికి ఎక్కించే పద్ధతి కూడా ఉంది. ఖరగ్‌పూర్ నుంచి విజయవాడ వైపు వచ్చే రైలు మార్గంలో, యలమంచిలికి దగ్గర్లో వరాహ నది ఒడ్డున ఏటికొప్పాక ఉంది. అక్కడి బొమ్మల కళాకారులు అంకుడు కర్రను చక్రం మీద తిప్పుతూ, పసుపు, జాఫ్రా, నీలిమందు లాంటి రంగులు కలిపిన లక్కను దానికి ఆనిస్తారు. రాపిడి వేడికి లక్క కరిగి పొరలా పరుచుకుంటుంది. అంకుడు కర్ర లేత రంగులో ఉండటంతో ఏ వన్నె అయినా నిండుగా కనిపిస్తుంది. బొమ్మకు ఈ పొర చాలు. రోజూ కాళ్లు రాపాడే నేల మీద మాత్రం పైపొర ముందుగా అరుగుతుంది. అందుకే నేలకు స్టెయిన్ వేసిన తర్వాత దాని మీద గట్టి పారదర్శక పూత తప్పనిసరి.

కరక్కాయ, ఇనుము

చెక్కలోనే ఉన్న పదార్థంతో రంగు పుట్టించే దారి ఒకటుంది. పాత తలుపులో మేకు దిగిన చోట, వానకు తడిసిన తర్వాత నల్లటి మచ్చ కనిపిస్తుంది. చెక్కలోని టానిన్, మేకులోని ఇనుము నీటిలో కలిసి, గాలిలోని ఆక్సిజన్ సాయంతో నీలినలుపు పదార్థంగా మారతాయి. శ్రీకాళహస్తి కలంకారీలో నల్ల గీత వచ్చేది ఈ చర్యతోనే. బట్టను ముందు కరక్కాయ, పాలు కలిపిన ద్రవంలో ముంచి ఆరబెడతారు. కరక్కాయ నిండా టానిన్లే. ఇనుప ముక్కలను బెల్లం నీళ్లలో పులియబెట్టి తీసిన కసిమితో గీత గీస్తే అది నల్లబడుతుంది. పూర్వం ఉత్తరాలు రాసిన సిరాల్లో చాలావాటి సూత్రమూ ఇదే.

దీన్ని ఇంట్లోనే చూడవచ్చు. వెనిగర్‌లో ఇనుప పీచు వేసి, మూత బిగించకుండా ఒకటి రెండు రోజులు ఉంచాలి. మామిడి చెక్క ముక్కకు చిక్కటి టీ డికాషన్ రాసి ఆరనిచ్చి, దాని మీద ఆ ద్రవం పూస్తే కొద్ది నిమిషాల్లో బూడిద రంగు నుంచి నలుపుకు తిరుగుతుంది. టీలోని టానిన్ చెక్కలోని కొరతను తీరుస్తుంది. ఇక్కడ పూసిన ద్రవం రంగు కాదు కనబడేది. చెక్కలోపల జరిగిన చర్య రంగు. అందుకే ఒకే ద్రవం రెండు పలకల మీద రెండు రంగులు చూపిస్తుంది.

పూర్వం ఇదే తరహాలో పొటాషియం డైక్రోమేట్‌తో చెక్కను గోధుమ రంగుకు తిప్పేవారు. అందులో ఉండే హెక్సావాలెంట్ క్రోమియం మనుషులకు క్యాన్సర్ కారకమని తేలింది. ఇంటి పనుల్లో దాని జోలికి పోకూడదు.

స్లీపర్ నలుపు

సాల చేవను మందు ఎక్కించకుండానే పట్టాల కింద వేయగలిగేవారు. చిర్ పైన్ లాంటి మెత్తని చెక్కలకు మాత్రం ఆ బలం లేదు. వాటికి పీడనంతో క్రియోసోట్ ఎక్కించేవారు. బొగ్గు తారును బట్టీ పడితే వచ్చే ముదురు నూనె ఇది. చెదలు, శిలీంధ్రాలు దాని దరికి రావు. ఎందుకంటే అందులో ఎక్కువ భాగం పాలీసైక్లిక్ ఆరోమాటిక్ హైడ్రోకార్బన్లు. వీటిలో కొన్ని మనుషులకూ హానికరమే. అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ క్రియోసోట్‌లను 2ఎ వర్గంలో, అంటే క్యాన్సర్ కలిగించే అవకాశం బలంగా ఉన్నవాటిలో చేర్చింది. క్రియోసోట్ ఎక్కించిన చెక్కను ఇళ్ల లోపల వాడకూడదని యూరోపియన్ యూనియన్ నిబంధన పెట్టింది.

ఆరుబయట, కంకర మీద ఉన్నంత కాలం ఈ చెక్క తన పని తాను చేసింది. అదే పలక గదిలోకి వస్తే సంగతి వేరు. ఎండకు, వేడికి నూనె పైకి చెమర్చుతుంది. చిత్రిక పడితే ఆ పొట్టు పనివాడి చేతులకు, ముక్కుకు చేరుతుంది. పైన స్టెయిన్ వేసినా అడుగు నుంచి నూనె ఊరి రంగును మరకలు చేస్తుంది. మిగిలిన ముక్కలను పొయ్యిలో పెడితే విషపు పొగ ఇంటిని కమ్ముతుంది.

అందుకే పాత చెక్కను కోసే ముందు చూడాలి, వాసన పట్టాలి. తారు లేదా కలరా ఉండల లాంటి వాసన, ఎండలో పెడితే జిడ్డుగా ఊరే నలుపు, పట్టా బిగించిన బోల్టు రంధ్రాలు కనిపిస్తే ఆ పలక ఇంటి లోపలికి రాకూడదు. క్రియోసోట్ లేని సాల స్లీపర్‌ను కూడా శుభ్రమైన చెక్క అనుకోలేం. ఏళ్ల తరబడి పట్టాల మధ్య గ్రీజు, బ్రేకు ధూళి దాని మీద పడ్డాయి.

రైలు పెట్టెలో వాడే మరో పలక కూడా ముదురు గోధుమ రంగే. అది కాంప్రెగ్. పలుచని చెక్క పొరలకు ఫినాలిక్ రెసిన్ ఎక్కించి, వేడితో, ఒత్తిడితో నొక్కి దీన్ని తయారుచేస్తారు. ఉక్కు బోగీల్లో వినైల్ షీటు కింద ఉండేది ఇదే. దాని ముదురు రంగు చాలావరకు రెసిన్‌ది. నాళాలన్నీ నిండి, నలిగిపోయాయి కాబట్టి స్టెయిన్‌కు లోపల చోటు లేదు. పూసినా ఉపరితలం మీదే ఉండి గుడ్డకు అంటుకుంటుంది.

వానాకాలపు లెక్క

చెక్క గాలిలోని తేమను పీల్చుకుంటుంది, వదులుతుంది. గాలిలో తేమ 40 శాతం ఉన్నప్పుడు చెక్కలో తేమ 7-8 శాతం దగ్గర స్థిరపడుతుంది. గాలి తేమ 90 శాతానికి చేరితే అది 20 శాతం దాకా వెళ్తుంది. పలక పొడవు దాదాపు మారదు, వెడల్పు మారుతుంది. ఆషాఢ, శ్రావణాల్లో ఖరగ్‌పూర్ లాంటి ఊళ్లలో పలకలు ఉబ్బి ఒకదానికొకటి ఆనుకుని ఉంటాయి. అప్పుడు స్టెయిన్ వేస్తే పైకి కనిపించే భాగానికే రంగు అంటుతుంది. మాఘమాసానికి పలకలు కుంచించుకుని, సందుల్లో రంగు తాకని లేత గీతలు బయటపడతాయి. తడి చెక్క నూనె స్టెయిన్‌ను సరిగా తాగదు కూడా. వానలు తగ్గి, చెక్క గది గాలికి అలవాటుపడిన తర్వాత పని పెట్టుకోవడం మేలు.

పని చేసేవారి మాట

రంగు మార్చే పనిలో ఎక్కువ ప్రమాదం రంగు డబ్బాలో కాదు, దానికి ముందూ తర్వాతా ఉంటుంది. చెక్క పొడిని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 1995లోనే క్యాన్సర్ కారకాల మొదటి వర్గంలో చేర్చింది. ఏళ్ల తరబడి పీల్చేవారిలో ముక్కు లోపలి భాగాలకు, సైనస్‌లకు క్యాన్సర్ ముప్పు ఉంటుంది. పాత పెయింటు ఉన్న చెక్కలో సీసం కూడా ఉండవచ్చు. ఇంటి పెయింట్లలో సీసం 90 పీపీఎం మించకూడదన్న నిబంధన మన దేశంలో 2017లో అమల్లోకి వచ్చింది. అంతకుముందు వేసిన పొరలను పొడిగా రుద్దడం మంచిది కాదు. ముఖానికి కట్టుకున్న చేతిరుమాలు సన్నని పొడిని ఆపలేదు. సరైన మాస్కు కావాలి. గదిని ఊడ్చడం కంటే తడిగుడ్డతో తుడవడం మేలు.

పని అయ్యాక మిగిలే గుడ్డపీలికలది మరో ముప్పు. అవిసె నూనె ఉన్న స్టెయిన్ ఆరేటప్పుడు ఆక్సిజన్‌తో కలిసి వేడి పుట్టిస్తుంది. నేల మీద ఆ వేడి గాలిలో కలిసిపోతుంది. ఉండచుట్టి మూలన పడేసిన గుడ్డలో మాత్రం బయటికి పోయే దారి లేక పెరుగుతుంది. అగ్గిపుల్ల గీయకుండానే గుడ్డ అంటుకోవచ్చు. వాటిని ఆరుబయట విడివిడిగా పరిచి ఆరబెట్టాలి, లేదా నీళ్లు పోసిన డబ్బాలో మూతపెట్టి ఉంచాలి.

ఏ పలకకు ఏ రంగు వస్తుందో డబ్బా మీద బొమ్మ చెప్పదు. అదే నేలలో మిగిలిన ముక్కకు, అదే ఉప్పు కాగితంతో రుద్ది, స్టెయిన్, పైపూత రెండూ వేసి, పగటి వెలుగులోనూ దీపం వెలుగులోనూ చూసుకోవాలి. వడ్రంగికి అదొక పూట పని. ఆ పూటలోనే చెక్క ఏమిటో, దాని నలుపు ఎక్కడిదో కూడా తెలిసిపోతుంది. ఇష్టం లేకపోతే ఆ ముక్కను పక్కన పెట్టవచ్చు. నేలంతా పూసిన తర్వాత ఆ వీలు ఉండదు. ఇంకిన రంగును తీయాలంటే చెక్కనే అరగదీయాలి, ఆ పొడిని మళ్లీ ఎవరో ఒకరు పీల్చాలి.