రాబోయే రాష్ట్రపతి ఎవరు? - పేర్లూ, వోట్ల లెక్కలూ

2027 జూలైలో శ్రీమతి ద్రౌపదీ ముర్ము పదవీకాలం పూర్తవుతుంది. ఆ గడువు తీరకముందే కొత్త రాష్ట్రపతి ఎన్నిక ముగిసిపోవాలని రాజ్యాంగం చెబుతోంది. ఇంకేం, పేర్ల పందెం మొదలు! మా హాస్టలు మెస్సులో సాంబారు చల్లారేలోపల నలుగురైదుగురు రాష్ట్రపతులు అయిపోతుంటారు. ఈసారి దక్షిణాదికే అని ఒకడు, కాదు ఎవరో ఒక గవర్నరే అని మరొకడు, ముర్ముగారికే మళ్ళీ ఇస్తారని ఇంకొకడు. (రెండుసార్లు ఎన్నికైనవారు ఇంతవరకు బాబూ రాజేంద్రప్రసాద్ ఒక్కరే, 1952లోనూ 1957లోనూ. ఈ సంగతి చెబితే మా మిత్రుడు పెరుగన్నం కలుపుకోవడంలో మునిగిపోయాడు.)

ఈ చర్చల్లో నాకు లోటుగా కనిపించేది ఒకటుంది. పేర్లు చెప్పేవాళ్ళు వోట్లు లెక్కపెట్టరు. ఆ వోట్లలో మన ఊరి వాటా ఎంత అన్నది అసలే అడగరు. బి.ఎస్సీ. చదువుతున్నవాణ్ణి కనుక నాకు పేర్ల కంటే లెక్కమీదే మక్కువ. అందుచేత ముందుగా లెక్క చూద్దాం.

రాష్ట్రపతిని మనం నేరుగా ఎన్నుకోము. లోక్‌సభ, రాజ్యసభలకు ఎన్నికైన సభ్యులు, రాష్ట్రాల శాసనసభలకు, ఢిల్లీ, పుదుచ్చేరి శాసనసభలకు ఎన్నికైన సభ్యులు వోటేస్తారు. నామినేట్ అయినవారికి వోటు లేదు. అందరి వోటుకూ ఒకే విలువ ఉండదు. రాష్ట్ర జనాభాను శాసనసభ్యుల సంఖ్యతో భాగించి, వచ్చినదాన్ని మళ్ళీ వెయ్యితో భాగిస్తే ఒక ఎమ్మెల్యే వోటు విలువ వస్తుంది. ఆంధ్రప్రదేశ్‌కు ఆ విలువ 159, తెలంగాణకు 132, ఉత్తరప్రదేశ్‌కు 208, సిక్కింకు 7. అన్ని రాష్ట్రాల మొత్తాన్నీ ఎన్నికైన ఎంపీల సంఖ్యతో భాగిస్తే ఎంపీ వోటు విలువ. 2017లో అది 708. 2022 నాటికి జమ్మూ కాశ్మీరులో శాసనసభ లేకపోవడంతో 700కు దిగింది.

ఇంతవరకు ఏ పోటీ పరీక్షల పుస్తకంలోనైనా దొరుకుతుంది. నన్ను ఆపేసింది 'జనాభా' అన్న మాట. ఏ జనాభా? 2022 ఎన్నిక దాకా వాడింది 1971 జనాభా లెక్క. అప్పట్లో మా ఊళ్ళో రెండువేల మంది ఉన్నారనుకుంటే, రాష్ట్రపతి ఎన్నికలో మా ఊరంతా కలిపి రెండు వోట్లు. ఆ రెండువేల మందిలో మా ఇంటివాళ్ళెవరని చూస్తే మా తాత, అవ్వ మాత్రమే. మా నాయన అప్పటికి పుట్టలేదు. నా సంగతి చెప్పనే అక్కరలేదు. మా ఇంట్లో ఈరోజు కాడి మోస్తున్నవాళ్ళు గానీ, కాలేజీకి వెళ్తున్నవాళ్ళు గానీ ఈ లెక్కలో ఒక్కరూ లేరు.

ఇదేమీ గుమాస్తాల పొరపాటు కాదు. 1976లో 42వ సవరణ ద్వారా కావాలనే 1971 దగ్గర గీత గీశారు. 2001లో 84వ సవరణతో ఆ గీతను 2026 తర్వాత తీసే మొదటి జనాభా లెక్కలు వెలువడేదాకా పొడిగించారు. కుటుంబ నియంత్రణ బాగా పాటించిన రాష్ట్రాలు, పాటించినందుకే నష్టపోకూడదన్నది అందుకు కారణం. 1971లో ఉత్తరప్రదేశ్ జనాభా, ఇప్పటి ఆంధ్రప్రదేశ్ ప్రాంతపు జనాభాకు మూడు రెట్లు. 2011 నాటికి నాలుగు రెట్లయింది. కొత్త లెక్క వాడినరోజు రాష్ట్రపతి ఎన్నికలో మన త్రాసు అంతమేరకు పైకి లేస్తుంది. మా తాతతో కలిసి పుట్టినవాళ్ళు ఆరుగురు, మా నాయనకు మేమిద్దరమే. సర్కారు మాట విన్నందుకు మా ఇంటి వోటు తగ్గుతుందంటే నాకు మింగుడు పడదు. అలాగని ఉత్తరాదిన పుట్టిన రైతుబిడ్డను మనిషిగా లెక్కపెట్టొద్దని అనడానికీ నోరు రాదు. ఈ చిక్కు తీరే మార్గం పెద్దలెవరైనా చెబితే వినాలని ఉంది.

ఇక పేర్ల సంగతి. శనగ కోతకు రాకముందే ధర మీద పుకార్లు పుట్టడం మా పక్క మామూలే. ధర పడిపోతుందన్న మాట దళారి నోట వచ్చిందంటే తక్కువకు కొనే యత్నమని తెలిసిపోతుంది. రాష్ట్రపతి పదవికి వినిపించే పేర్లను కూడా నేను ఈ కంటితోనే చూస్తాను. ఒక పేరు ఎందుకు బయటికొచ్చింది? గాలి ఎటుందో చూడడానికా, ఆ పేరును ముందే కాల్చేయడానికా, మిత్రపక్షాన్ని బుజ్జగించడానికా?

2002 చూడండి. మనకు ఏడేళ్ళకు పైగా గవర్నరుగా ఉండి ఉపరాష్ట్రపతి అయిన కృష్ణకాంత్ పేరు దాదాపు ఖాయమన్నారు. పి.సి. అలెగ్జాండర్ అన్నారు. చివరికి వచ్చింది రాజకీయాలతో ఏ సంబంధమూ లేని అబ్దుల్ కలామ్. 2012 జూన్ 13న ములాయం సింగ్, మమతా బెనర్జీ కలిసి కలామ్, మన్మోహన్ సింగ్, సోమనాథ్ చటర్జీ అని మూడు పేర్లు చెప్పారు. రెండు రోజులు తిరక్కుండా ప్రణబ్ ముఖర్జీ అభ్యర్థి అయ్యారు. చివరకు ఆ ఇద్దరి పార్టీలూ ప్రణబ్‌కే వోటు వేశాయి. 2017లో బీహార్ గవర్నరు రామ్‌నాథ్ కోవింద్ పేరు ప్రకటించినప్పుడు ఆశ్చర్యపోనివారు తక్కువ. ఆ ఏడాది పత్రికల్లో నలిగిన పేర్లలో ముర్ముగారిదీ ఒకటి. అది అయిదేళ్ళు ఆలస్యంగా నిజమైంది! 2022లో ప్రతిపక్షాల తరఫున శరద్ పవార్, ఫారూఖ్ అబ్దుల్లా, గోపాలకృష్ణ గాంధీ ఒకరి తర్వాత ఒకరు వద్దన్నాక యశ్వంత్ సిన్హా నిలబడ్డారు.

అయితే ఊహాగానాలన్నీ వట్టివేనా అంటే, కాదు. పేరు కోసం జరిగిన పోరు దేశ రాజకీయాలనే మలుపు తిప్పిన ఏడు ఒకటుంది. అందులో నిలబడ్డ ఇద్దరూ తెలుగువారే కావడం మనకు విశేషం.

1969 మే 3న జాకిర్ హుస్సేన్ పదవిలో ఉండగానే కన్నుమూశారు. ఉపరాష్ట్రపతి వి.వి. గిరి తాత్కాలిక రాష్ట్రపతి అయ్యారు. జూలైలో బెంగుళూరులో కాంగ్రెస్ పార్లమెంటరీ బోర్డు కూర్చుంది. ఇందిరాగాంధీ మొగ్గు జగ్జీవన్ రామ్ వైపు. సిండికేట్ అని పేరుపడ్డ పెద్దలు అనంతపురం జిల్లా ఇల్లూరు రైతుబిడ్డ, అప్పటి లోక్‌సభ స్పీకరు నీలం సంజీవరెడ్డిని నిలబెట్టారు. సంజీవరెడ్డిగారు స్పీకరు పదవికి రాజీనామా చేశారు. గిరిగారు కూడా తన పదవులు వదులుకుని స్వతంత్ర అభ్యర్థిగా దిగారు. పార్టీ విప్ జారీ చేయడానికి ఇందిరాగాంధీ ఒప్పుకోలేదు. అంతరాత్మ ప్రబోధం ప్రకారం వోటేయమన్నారు.

ఆగస్టు 16న పోలింగు, 20న లెక్కింపు. గెలవడానికి 4,18,169 కావాలి. మొదటి ప్రాధాన్య వోట్లలో గిరికి 4,01,515, సంజీవరెడ్డికి 3,13,548, సి.డి. దేశ్‌ముఖ్‌కు 1,12,769 వచ్చాయి. ఎవరికీ చాలలేదు. అప్పుడు తక్కువ వచ్చిన అభ్యర్థులను ఒక్కొక్కరినే తొలగిస్తూ, వాళ్ళ బ్యాలెట్ల మీది రెండో ప్రాధాన్యం చూశారు. దేశ్‌ముఖ్ వోట్లలో అధిక భాగం సంజీవరెడ్డికి చేరాయి. తూకం ఊగిసలాడింది. చివరికి గిరి 4,20,077, సంజీవరెడ్డి 4,05,427. ఎనిమిది లక్షల పైచిలుకు వోట్లలో తేడా 14,650! అదే నవంబరులో కాంగ్రెస్ రెండుగా చీలింది. మన రాష్ట్రపతి ఎన్నికల్లో రెండో ప్రాధాన్యం తేల్చిన ఎన్నిక ఇప్పటిదాకా అదొక్కటే.

ఓడిన సంజీవరెడ్డిగారి కథ అక్కడ ఆగలేదు. 1977 మార్చిలో రాష్ట్రంలో 42 లోక్‌సభ స్థానాలకు 41 కాంగ్రెస్ గెలిస్తే, మిగిలిన నంద్యాలలో జనతా పార్టీ తరఫున ఆయన గెలిచారు. మా తాత జీవితంలో గెలిచిన పక్షానికి వేసిన మొదటి వోటు అదేనంటాడు. ఆ ఏడు రాష్ట్రపతి పదవికి మొరార్జీ దేశాయ్ మనసులో ఉన్న పేరు నృత్యకళాకారిణి రుక్మిణీదేవి అరుండేల్. ఆమె వద్దన్నారు. జూలైలో సంజీవరెడ్డి పోటీ లేకుండా ఎన్నికయ్యారు. దాఖలైన 37 నామినేషన్లలో ఆయనది తప్ప అన్నీ తిరస్కరించారు.

సుప్రీంకోర్టు ప్రధాన న్యాయమూర్తి పదవి వదిలి 1967లో జాకిర్ హుస్సేన్‌పై పోటీచేసిన కోకా సుబ్బారావుగారూ మన తెలుగువారే. ఆయనకు 3,63,971 వోట్లు వచ్చాయి. ఆ ఎన్నికలో 17 మంది నిలబడితే తొమ్మిదిమందికి ఒక్క వోటూ రాలేదు. ఇలాంటి సరదా పోటీలు ఆపడానికే తర్వాత నిబంధనలు బిగించారు. 1997 నుంచి 50 మంది ప్రతిపాదించాలి, 50 మంది బలపరచాలి, 15,000 రూపాయల డిపాజిట్ కట్టాలి.

2027కు నా అంచనా అడిగితే పేరు చెప్పను, లెక్క చెబుతాను. 2024 ఎన్నికల్లో ఆంధ్రప్రదేశ్‌లోని 175 స్థానాల్లో 164 తెలుగుదేశం, జనసేన, భా.జ.పా. కూటమికి వచ్చాయి. ఆ ఎమ్మెల్యేల వోట్ల విలువే 26,076. ఢిల్లీ పెద్దలు ఎవరిని నిలబెట్టినా ఈ అంకెను పక్కన పెట్టలేరు. కానీ 2022లో ఏం జరిగింది? మన రాష్ట్రంలో పాలకపక్షం, ప్రతిపక్షం రెండూ ముర్ముగారినే బలపరిచాయి. సిన్హాకు ఇక్కడ ఒక్క వోటూ పడలేదు. రెండువైపులా ముందే మాట ఇచ్చేశాక మన గుమ్మం ఎక్కి అడిగేదెవరు, మనం బదులుగా కోరేదేముంది?

ఇంకొకటి కూడా గమనించాలి. ఈ ఎన్నికలో వోటు రహస్యం, పార్టీలు విప్ జారీ చేయడానికి వీల్లేదు. ఎంపీలకు ఆకుపచ్చ, ఎమ్మెల్యేలకు గులాబీ రంగు బ్యాలెట్ ఇస్తారు. మన ఎమ్మెల్యే ఆ గులాబీ కాగితం మీద మన తరఫున 159 వోట్లు వేసి వస్తాడు. ఎవరికేశాడో మనకు తెలియదు, చట్టప్రకారం తెలియకూడదు కూడా. కాని వేసేముందు అడగడానికి ఏ చట్టమూ అడ్డురాదు. గడువు తీరడానికి అరవై రోజుల లోపలే నోటిఫికేషన్ వస్తుంది కనుక 2027 మే, జూన్ నెలలు అందుకు అనువైన కాలం. విద్యార్థి సంఘం వారు ఆ వేసవిలో, పరీక్షలు అయిపోయి అందరూ ఊళ్ళకు చెదిరిపోకముందే, మన నియోజకవర్గ శాసనసభ్యుణ్ణి ఒక సాయంత్రం కాలేజీ హాలుకు పిలిపిస్తే బాగుంటుంది. మొదటి ప్రశ్న అడగడానికి నేను సిద్ధంగా ఉన్నాను.