పుటికలను వెలికితీసిన ఉక్కుపాత్ర

మానవుని క్లోమగ్రంథియందు ఇంచుమించు పదిలక్షల సూక్ష్మపుటికలు చెదరియున్నవి. 1869లో బెర్లిను నగరమున వైద్యవిద్యార్థియైన పాల్ లాంగర్‌హాన్స్ వానిని సూక్ష్మదర్శినిలో కనుగొనెనే కాని వాని ప్రయోజనమును గ్రహింపలేదు. గ్రంథి తూకములో నూటికి రెండుపాళ్లకు మించని యీ పుటికలే ఇన్సులినును స్రవించుననియు, దేహరక్షణకై యున్న తెల్లకణములే పొరబడి వానిలోని బీటాకణములను హతమార్చినపుడు బాల్యముననే మధుమేహము ప్రాప్తించుననియు తేటపడిన పిమ్మట, మృతదాతల క్లోమమునుండి పుటికలను వేరుచేసి రోగికి నాటరాదా యను తలంపు పుట్టుట సహజమే. 1967లో అమెరికాలోని సెయింట్ లూయిస్ నగరమున పాల్ లేసీ కొల్లాజినేజ్ అను ఎంజైముతో ఎలుక క్లోమమునుండి వానిని విడదీసెను. కాని నారతో బిగిసిన మానవ క్లోమమునకు ఆ పద్ధతి చాలదయ్యెను.

1988లో, ఇటలీనుండి లేసీ ప్రయోగశాలకు వచ్చిన కమీలో రికార్డి యను వైద్యుడు ఇందుకొక యంత్రమును కల్పించెను. చూచుటకది మూతగల చిన్న ఉక్కుపాత్ర. లోపల కొన్ని గోళీలు, మీదిభాగమున జల్లెడ. దాత క్లోమనాళములోనికి ఎంజైమును ఎక్కించి, ఉబ్బిన గ్రంథిని కోసి పాత్రలోనుంచి, శరీరోష్ణముగల ద్రవమును ఎడతెగక ప్రవహింపజేయుచు కుదుపుదురు. గోళీల తాకిడికిని ఎంజైము ప్రభావమునకును నారబంధములు సడలి, విడివడిన పుటికలు విడివడినట్లే జల్లెడగుండ కొట్టుకొనిపోయి, చల్లని ద్రవమున జేరి, ఎంజైము వాతనుండి తప్పించుకొనును. పూర్వపద్ధతిలో ముందు విడివడినవి వెనుకటివానికొరకు అక్కడనే నిలిచి కరగిపోవుచుండెను. యంత్రమహిమ యంతయు ఆ నిరీక్షణను తొలగించుటయందే యున్నదని నా యభిప్రాయము.

2000లో కెనడాలోని ఎడ్మంటన్ నగరమున జేమ్స్ షపీరో బృందము పుటికలను ఏడుగురు రోగుల కాలేయ ద్వారసిరలోనికి ఎక్కించి, ఏడుగురికిని ఇన్సులిన్ సూదిని మాన్పించెను. అయితే పరకీయములైన పుటికలను దేహము తిరస్కరింపకుండుటకై నిరోధకశక్తిని అణచు మందులు విడువక మ్రింగవలసివచ్చెను. వానివలన అంటువ్యాధులు, మూత్రపిండములకు హాని. మా వరంగల్లు ఎం.జి.ఎం. ఆసుపత్రికి ఇన్సులినుకై తల్లివెంట వచ్చు బాలునికి ఇట్టి చికిత్సను ఏ వైద్యుడు చేయ సాహసించును?

స్వకీయములైన పుటికలకు ఈ బాధ లేదు. దక్షిణదేశమున కానవచ్చు, క్లోమమున రాళ్లు పెరిగి తుదకు మధుమేహమును తెచ్చు వ్యాధికి స్పింక్1 అను జన్యువులోని దోషముతో సంబంధము కలదని 2002లో హైదరాబాదు సి.సి.ఎం.బి. శాస్త్రజ్ఞులు, అచటి ఏషియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ గ్యాస్ట్రోఎంటరాలజీ వైద్యులు కలసి ప్రకటించిరి. ఇట్టి వ్యాధులవలన దీర్ఘకాలము వాచిన క్లోమముతో భరింపరాని నొప్పి పడువారికి గ్రంథిని తొలగించి, వారి పుటికలనే వారి కాలేయమున నాటు చికిత్స 1977లో మిన్నెసోటాలో ఆరంభమైనది. అందు అణచుమందులతో పనిలేదు. మరి పరుల పుటికను సైతము దేహము తనదిగా ఓర్చుకొనునట్లు చేయరాదా?

ఇచ్చటనే జన్యుచికిత్స ప్రవేశించినది. 2024 డిసెంబరులో స్వీడనులోని ఉప్సాలా వైద్యశాలయందు పెర్-ఓలా కార్ల్‌సన్ బృందము దాత కణములలో బి2ఎం, సిఐఐటిఎ అను జన్యువులను ఛేదించి, తెల్లకణములు పరాయివానిని పోల్చుకొను గుర్తులను మాయముచేసి, గుర్తులేని కణములను సంహరించు వేఱొక తెగ కణములను శాంతింపజేయుటకు సిడి47 జన్యువును వైరస్ ద్వారా చేర్చి, 37 ఏండ్లుగా వ్యాధిగ్రస్తుడైన 42 ఏండ్ల పురుషుని ముంజేతికండలో ఆ దాతకణములను నాటెను. అణచుమందు ఒక్కటియు ఈయలేదు. మార్పు పూర్తికాని కణములపై దేహము తిరుగబడినది. పూర్తిగా మారినవి పండ్రెండు వారములకును జీవించి ఇన్సులినును స్రవించుచుండెనని 2025లో ప్రకటించిరి. మోతాదు అల్పమగుటచే ఆ రోగి సూదిని మానలేదు. చాలినన్ని కణములకు మృతదాతలు చాలరు గనుక, ఉక్కుపాత్రతో నిమిత్తములేకయే మూలకణములనుండి పుటికలను పెంచి, వానియందే ఈ మార్పులను చేయుటకు, ఆ కణములను సిద్ధపఱచిన సానా బయోటెక్నాలజీ సంస్థ ఇప్పుడు పూనుకొనియున్నది.