3.4 ఛాయాచిత్రాల ద్వారా ఒక విమానాన్ని గుర్తించడం

పాత ఛాయాచిత్రాన్ని చరిత్రకు ఆధారంగా ఎలా పరిశీలించాలో ఈ విభాగంలో తెలుసుకుంటారు. ఇందుకు డకోటా రవాణా విమానాన్ని ఉదాహరణగా తీసుకుందాం.

రెండో ప్రపంచ యుద్ధ కాలంలో అమెరికాలో ఈ విమానాలు వేల సంఖ్యలో తయారయ్యాయి. యుద్ధం ముగిశాక వాటిలో చాలా విమానాలు చేతులు మారాయి. హైదరాబాదుకు చెందిన దక్కన్ ఎయిర్‌వేస్ కూడా డకోటాలనే నడిపింది. యజమాని మారినప్పుడు విమానం రంగు, దానిపై రాసిన సంఖ్య కూడా మారేవి. కాబట్టి ఒకే విమానం వేర్వేరు చిత్రాల్లో వేర్వేరు విమానాలుగా కనిపించవచ్చు.

చిత్రంలో మీరు గమనించవలసినవి:

(అ) జాతీయ చిహ్నం: యుద్ధకాలంలో ఆసియాలో జపాన్ వారి ఎర్రని గుండ్రటి గుర్తుగా పొరబడకుండా, బ్రిటిష్, భారత విమానాల చిహ్నాల నుంచి ఎరుపు రంగును తొలగించారు. కాబట్టి చిహ్నం చిత్రం తీసిన కాలాన్ని సూచిస్తుంది.

(ఆ) దేశ సూచికాక్షరాలు: 'జి' అంటే బ్రిటన్ పౌర విమానం, 'వీటీ' అంటే భారత పౌర విమానం.

(ఇ) నిర్మాణ సంఖ్య: కర్మాగారం ఇచ్చిన ఈ సంఖ్య యజమాని మారినా మారదు. అయితే ఇది సాధారణంగా చిత్రంలో కనిపించదు, రికార్డుల్లో వెతకాలి.

ఇప్పుడు ఒక చిక్కు చూడండి. 1947 అక్టోబరు 27న భారత సైనికులను శ్రీనగర్‌కు చేర్చిన డకోటాల్లో ఒకదాని సంఖ్య వీపీ 905. భారత వైమానిక దళం వద్ద నేడున్న 'పరశురామ' అనే డకోటాపైనా అదే సంఖ్య ఉంది. రెండు చిత్రాలను పక్కపక్కన పెడితే రెండూ ఒకే విమానమని మీరు అనుకోవచ్చు. కానీ కావు. 'పరశురామ' మొదట బ్రిటన్ వైమానిక దళంలో కేఎన్ 397గా, తరువాత అక్కడే జి-ఏఎంఎస్‌వీ అనే పౌర విమానంగా ఉండేది. బ్రిటన్‌లో దాన్ని పునరుద్ధరించి, 2018లో మన వైమానిక దళానికి బహూకరించారు. శ్రీనగర్ విమానం జ్ఞాపకార్థం దానికి ఆ సంఖ్య వేశారు.

ఇది మోసం కాదు, గౌరవం. కానీ ఈ తేడా తెలియకుండా చిత్రం కింద 'శ్రీనగర్‌లో దిగిన విమానం ఇదే' అని రాస్తే, జరగని చరిత్రను రాసినట్లే అవుతుంది. విమానంపై రాసిన సంఖ్య ఆధారాల్లో ఒకటి మాత్రమే. చిత్రం తీసిన కాలం, స్థలం, రికార్డులు మూడూ పొసగినప్పుడే నిర్ధారణకు రండి.

మీ ప్రగతిని పరీక్షించుకోండి
ఒకే సంఖ్య ఉన్న రెండు విమాన చిత్రాలు ఒకే విమానానివని ఎందుకు చెప్పలేం?