చక్రరక్షకుడు

భారతయుద్ధమున అర్జునుని రథమునకు ఇరుప్రక్కల నిలిచి చక్రములను కాపాడినవారు ఇద్దరు పాంచాలవీరులు: యుధామన్యుడు, ఉత్తమౌజుడు. గాండీవధ్వనిని తలచుకొని పులకించువారు పెక్కుమంది కలరు. ఈ ఇరువురి పేరులు జ్ఞప్తియందుంచుకొన్నవారు అరుదు. పదునెనిమిది దినముల పోరున బ్రతికి బయటపడిన ఆ వీరులు, జయము లభించిన పిమ్మట, ఆ రాత్రియే శిబిరమున అశ్వత్థామ చేత హతులైరి. యుద్ధము వారిని విడిచినది గాని, యుద్ధఫలము విడువలేదు.

అమెరికా దేశపు క్రీడాకారుడొకని జీవితమును చదువుచుండగా ఈ చక్రరక్షకులే నాకు మాటిమాటికి స్మరణకు వచ్చిరి. అతని పేరు మైక్ వెబ్‌స్టర్.

అమెరికావారు ఫుట్‌బాలు అని పిలుచు ఆట మనమెరిగిన కాలిబంతి ఆట కాదు. రెండువైపుల కొనదేరిన బంతిని చేతబట్టి, నూరు గజముల మైదానమున ఎదిరిపక్షపు హద్దు దాటించుట దాని పరమార్థము. ఒక్కొక్క పక్షమున పదునొకండుగురు ఉందురు. బంతి చేజిక్కినవారికి నాలుగు ప్రయత్నములు లభించును. ఆ నాలుగింటిలో పది గజములు ముందుకు సాగినచో మరల నాలుగు ప్రయత్నములు. లేనిచో బంతి పరహస్తగతమగును. ఇందు మనుష్యుని మనుష్యుడు ఢీకొనుట ప్రమాదవశమున జరుగునది కాదు. ఆటలో ముఖ్యభాగమే అది.

బంతిని విసరి ఆటను నడుపువానిని క్వార్టర్‌బాక్ అందురు. ఆ రంగమున అర్జునుడాతడే. పత్రికలలో చిత్రము అతనిది. బాలుర నోట నలుగు పేరు అతనిది. అతని యెదుట ఐదుగురు మల్లులు వరుసగా వంగి నిలుతురు. నడుమ సెంటరు, అతనికి ఇరువైపుల గార్డులు, కొనలయందు టాకిలులు. దీనినే అఫెన్సివ్ లైను అందురు. సెంటరు బంతిని తన కాళ్ల సందునుండి వెనుకకు అందించి, ఆ క్షణముననే మీదికి దూకు ప్రత్యర్థిని ఎదుర్కొనవలెను. వెనుకనున్నవానికి రెండు మూడు సెకండ్ల వ్యవధి సంపాదించి పెట్టుటయే వీరి వృత్తి. సామాన్యముగా వీరు బంతితో పరుగెత్తరు, విసరిన బంతిని పట్టరు. కావున అంకెల పట్టికలలో వీరికి చోటు మిక్కిలి తక్కువ. తప్పు చేసినపుడు మాత్రము న్యాయనిర్ణేత వీరి చొక్కా సంఖ్యను మైదానమంతయు వినునట్లు చాటును. పని సక్రమముగా నెరవేర్చినపుడు అజ్ఞాతము, తప్పినపుడు అపకీర్తి! ఇట్టి ఉద్యోగములు మన యిండ్లలోను, కార్యాలయములలోను లేకపోలేదు.

వెబ్‌స్టర్ 1952లో విస్కాన్సిన్ రాష్ట్రమందలి టోమహాక్ అను చిన్న పట్టణమున జన్మించెను. ఆ రాష్ట్ర విశ్వవిద్యాలయము పక్షమున సెంటరుగా ఆడెను. వృత్తిపక్షములు యువకులను వంతులవారీగా ఎన్నుకొను ఏర్పాటు అచట కలదు. 1974లో 124 మందిని ఎన్నుకొన్న పిమ్మట, ఐదవ వంతున, పిట్స్‌బర్గ్ స్టీలర్స్ పక్షము ఇతనిని చేర్చుకొనెను. ఆ స్థానమునకు ఇతని దేహము చాలదని పలువురి అభిప్రాయము. పట్టుదలగల వ్యాయామముతో అతడు ఆ కొరతను తీర్చుకొనెను.

మొదట రే మాన్స్‌ఫీల్డ్ అను అనుభవజ్ఞుని చెంత పని నేర్చి, 1976 నుండి ఆ స్థానమును తనదిగా చేసికొనెను. పిట్స్‌బర్గ్ ఉక్కు కర్మాగారములకు పేరెన్నికగన్న నగరము. ఆ నగరపు పక్షము 1974, 1975, 1978, 1979 క్రీడాసంవత్సరములలో నాలుగు పర్యాయములు సూపర్ బౌల్ విజయము సాధించెను. ఆ నాలుగింటను క్వార్టర్‌బాక్ టెర్రీ బ్రాడ్‌షా. ఆ నాలుగు విజయములలోను వెబ్‌స్టరు పాలు కలదు. పదునైదేండ్లలో ఆ పక్షమున 220 పోటీలు ఆడెను. అందు 177 ఒక్కటియు విడువక వరుసగా ఆడినవి. గడ్డకట్టు చలిలోను పొట్టిచేతుల చొక్కాతో నిలుచు ఆతనిని జనులు ‘ఐరన్ మైక్’ అనిరి. కడపటి రెండేండ్లు కాన్సాస్ సిటీ చీఫ్స్ పక్షమున ఆడి, 1990 క్రీడాసంవత్సరముతో విరమించెను. మొత్తము పదునేడు సంవత్సరములు, 245 పోటీలు.

ఇనుమని పిలిచినవారు ఇనుము సైతము అరుగునని తలపలేదు. 1978 వరకు అడ్డుకొనువాడు చేతులు చాచి ఎదిరిని ఆపుటకు నిబంధనలు అంగీకరింపలేదు. కావున భుజమును, తలను ముందునకు పెట్టవలసివచ్చెను. ఒక పెద్ద దెబ్బకు స్పృహతప్పి పడినవానిని జనులు చూచి అయ్యో అందురు. లైనులో తగులు దెబ్బలు అట్టివి కావు. అవి చిన్నవి, లెక్కకు రానివి, పోటీలలోనే గాక సాధనలోను నిత్యము తగులునవి. శిరస్త్రాణము కపాలము పగులకుండ కాపాడును. లోన మెదడు కదలి అదరుటను అది ఆపజాలదు.

ఆట విడిచిన తరువాత వెబ్‌స్టరు జ్ఞాపకశక్తి సడలెను. నిద్ర దూరమయ్యెను. ధనము కరగిపోయెను, కుటుంబము చెదరెను. ఒకప్పుడు వేలాది జనుల జయధ్వానములు విన్నవాడు కొన్ని రాత్రులు తన వాహనమునందే పరుండెను. 1997లో ఒహాయో రాష్ట్రమందలి కాంటన్ నగరమున అతనిని ఆ క్రీడాప్రముఖుల కీర్తిమందిరమున చేర్చిరి. పరిచయవాక్యములు పలికినవాడు బ్రాడ్‌షాయే. సభ చూచుచుండగా అతడు వెబ్‌స్టరు వెనుక వంగి, కడసారిగా అతని చేతి బంతిని అందుకొనెను. ఐదేండ్లకు, 2002 సెప్టెంబరు 24న, వెబ్‌స్టర్ గుండెపోటుతో కన్నుమూసెను. అప్పటికి వయస్సు ఏబది సంవత్సరములు మాత్రమే.

శవపరీక్షాలయమున ఉన్న వైద్యుడు బెన్నెట్ ఒమాలు. నైజీరియా దేశమున జన్మించినవాడు. ఈ ఆటయందు అభిరుచి లేనివాడు. మరణకారణము గుండె యని తేలినను, ఇంత చిన్న వయస్సున ఈతని బుద్ధి ఏల చెదరెనను ప్రశ్న ఆయనను విడువలేదు. మెదడు పైకి చూచుటకు మామూలుగనే ఉండెను. పలుచని పొరలుగా కోసి సూక్ష్మదర్శినితో పరీక్షింపగా, టౌ అను మాంసకృత్తు పేరుకొని కణములను చెరచిన జాడలు కనబడెను. ముష్టియుద్ధము చేయువారి మతిభ్రంశమును గూర్చి హారిసన్ మార్ట్‌లండ్ అను వైద్యుడు 1928లోనే వ్రాసియుండెను. ఫుట్‌బాలు వృత్తిగా గలవాని మెదడున అట్టి వ్యాధిని గూర్చి ఒమాలు బృందము 2005లో శాస్త్రపత్రికలో ప్రకటించెను.

ఆటను నడుపు సంస్థకు చెందిన వైద్యసంఘ సభ్యులు ఆ వ్యాసమును ఉపసంహరింపవలెనని కోరిరి. అది ఉపసంహరింపబడలేదు. వైకల్యభృతి విషయమై వెబ్‌స్టరు వారసులు జరిపిన వ్యాజ్యమున 2006లో పునర్విచారణ న్యాయస్థానము వారి పక్షముననే తీర్పు చెప్పెను. ఆ ఆటకును ఇట్టి వ్యాధికిని సంబంధము కలదని సంస్థ ఉన్నతాధికారి యొకడు అమెరికా శాసనసభ్యుల యెదుట అంగీకరించినది 2016లో. 2017లో వెలువడిన ఒక అధ్యయనమున, ఆ వృత్తిక్రీడాకారుల మెదడులు 111 పరీక్షింపగా 110 యందు వ్యాధి కనబడెను. అవి అనుమానముతో కుటుంబములు దానము చేసినవి గనుక, ఆటగాండ్రందరికిని ఆ లెక్క వర్తించునని చెప్పరాదు. అయినను ఉపేక్షింపదగిన సంఖ్య కాదు. బ్రతికియుండగా ఈ వ్యాధిని నిశ్చయించు మార్గము నేటికిని లేదు.

ఆ అధ్యయనము వెలువడిన రెండు దినములకు జాన్ ఉర్షెల్ అను గార్డు, ఇరువదియారేండ్ల ప్రాయమున, ఆట విరమించెను. వెబ్‌స్టరు వలెనే ఇతడును ఐదవ వంతున, 2014లో, బాల్టిమోర్ రావెన్స్ పక్షమున చేరినవాడు. గణితమున ఎం.ఏ. పట్టభద్రుడు. 2015లో సాధన చేయుచు తలకు దెబ్బ తగిలినపుడు, ఉన్నతగణితమున తన బుద్ధి కొంతకాలము మునుపటివలె సాగలేదని అతడే చెప్పెను. విరమణకు కారణము అదొక్కటియే యని మనమనరాదు. ఆట విడిచి మసాచుసెట్స్ సాంకేతిక విద్యాసంస్థలో పరిశోధన కొనసాగించి 2021లో డాక్టరు పట్టము పొందెను.

ఈ ఇద్దరిలో ఒకడు ధీరుడు, ఒకడు భీరువు అని తలచుట న్యాయము కాదు. ఇద్దరును ఒకే వరుసలో వంగి నిలిచినవారే. భేదమొక్కటి: ఉర్షెలుకు ముందు వెబ్‌స్టర్ ఉండెను, వెబ్‌స్టరుకు ముందు చెప్పువారు లేరు. తాను చెల్లించు వెల యెంతయో ఎరిగి చెల్లించినవాడు దాత. ఎరుగక చెల్లించినవాడు వంచితుడు. పని చేయించుకొనువారు, ఆ పని చూచి ఆనందించువారు ఆ వెలను దాచరాదు.

వ్యాసభగవానుడు చక్రరక్షకుల శౌర్యమును కొద్ది మాటలలోనే చెప్పెను. కాని విజయోత్సాహమున వారి మరణమును చెప్పక విడువలేదు; సౌప్తికపర్వమున వారి పేరులను చెప్పియే వ్రాసెను. పిట్స్‌బర్గ్ శవపరీక్షాలయమున ఆ గాజుపలకలపై ఒమాలు చదివినది కూడ అట్టి పర్వమే.