నక్కవాగు నుంచి లగచర్ల వరకు

విషగుణం, మండే గుణం, పేలే గుణం, లోహాన్నీ చర్మాన్నీ తినివేసే గుణం వంటి లక్షణాల వల్ల విడిగా గానీ, మరో పదార్థంతో కలిసినప్పుడు గానీ మనిషి ఆరోగ్యానికి, పరిసరాలకు హాని కలిగించగల వ్యర్థాన్ని భారతదేశంలో చట్టం ‘ప్రమాదకర వ్యర్థం’గా గుర్తిస్తుంది. 1984 డిసెంబరులో భోపాల్ గ్యాస్ దుర్ఘటన జరిగిన తరువాత, 1986లో పర్యావరణ పరిరక్షణ చట్టం వచ్చింది. దాని కింద 1989లో ప్రమాదకర వ్యర్థాలకు ప్రత్యేక నిబంధనలు ఏర్పడ్డాయి. ఆ వ్యర్థాన్ని ఎలా గుర్తించాలో, ఎలా తరలించాలో, ఎవరి అనుమతి తీసుకోవాలో ఈ నిబంధనలు వివరంగా చెబుతాయి. చివరికి అది ఎవరి ఊరి పక్కకు చేరుతుందన్న ప్రశ్న మాత్రం వాటితో తీరదు. భూమి చౌకగా దొరికే చోటుకు, అభ్యంతరం చెప్పే గొంతు బలహీనంగా ఉన్న చోటుకు అది చేరడం దాదాపు అన్ని దేశాల్లోనూ కనిపించే ధోరణి. పర్యావరణ న్యాయం అనే భావన పుట్టింది ఈ అసమానతను ప్రశ్నించడం నుంచే.

ఈ భావనకు పేరు తెచ్చిన ఘటన 1982లో అమెరికాలోని నార్త్ కరోలినా రాష్ట్రంలో జరిగింది. ట్రాన్స్‌ఫార్మర్ల వంటి విద్యుత్ పరికరాల్లో వాడిన పీసీబీలనే విష రసాయనాలతో కలుషితమైన మట్టిని, నల్లజాతి ప్రజలు అధికంగా నివసించే వారెన్ కౌంటీలో పూడ్చాలని ప్రభుత్వం నిర్ణయించగా, స్థానికులు లారీలకు అడ్డంగా రోడ్డు మీద పడుకున్నారు. 500 మందికి పైగా అరెస్టయ్యారు. పూడ్చివేత ఆగలేదు గానీ, వ్యర్థాల స్థలాలకూ జాతికీ ఉన్న సంబంధాన్ని దేశవ్యాప్తంగా పరిశీలించిన నివేదిక 1987లో వెలువడడానికి ఆ నిరసనే కారణమైంది. సరిగ్గా ఆ కాలంలోనే, అప్పటి మెదక్ జిల్లాలోని పటాన్‌చెరు పరిసర గ్రామాల్లో రైతులు వాగు నీటి రంగు మారడాన్ని గమనిస్తున్నారు. వారెన్ కౌంటీ పేరు వారికి తెలిసే అవకాశం లేదు.

హైదరాబాద్‌కు వాయవ్యంగా ఉన్న పటాన్‌చెరు, బొల్లారం, పాశమైలారం, కాజిపల్లి, గడ్డపోతారం, బొంతపల్లి ప్రాంతాల్లో 1970ల నుంచి పారిశ్రామికవాడలు వెలిశాయి. వాటిలో ప్రధానమైనవి బల్క్ డ్రగ్ పరిశ్రమలు, అంటే మాత్రలోనో సూది మందులోనో ఉండే అసలు ఔషధ పదార్థాన్ని పెద్ద మొత్తంలో తయారుచేసే కర్మాగారాలు. మందుల విషయంలో ఉత్పత్తికి కాక తయారీ పద్ధతికి మాత్రమే పేటెంట్ ఇచ్చే 1970 నాటి చట్టం, బాలానగర్‌లోని ప్రభుత్వరంగ సంస్థ ఐడీపీఎల్‌లో పని నేర్చుకున్న రసాయన నిపుణులు, పారిశ్రామికంగా వెనుకబడిన జిల్లాకు దక్కే రాయితీలు కలిసి ఈ పరిశ్రమను ఇక్కడ పెంచాయి. ప్రపంచానికి చౌక మందులు అందాయి, అది చిన్న మేలు కాదు. అయితే మందు తయారీ అంటే వ్యర్థం తయారీ కూడా. కిలో ఔషధ పదార్థానికి 25 నుంచి 100 కిలోలకు పైగా వ్యర్థం పుడుతుందని రసాయన శాస్త్రవేత్త రోజర్ షెల్డన్ 1990ల తొలినాళ్లలోనే లెక్కకట్టారు. అనేక దశల రసాయన చర్యల్లో వాడిన ద్రావకాలు, ఆమ్లాలు, లవణాలు, స్ఫటికాలు వేరుచేశాక మిగిలే చిక్కటి ద్రవాలు, ఆ ద్రవాల్లో కరిగివున్న మందు కూడా ఈ లెక్కలోకే వస్తాయి.

ఈ ద్రవ వ్యర్థం వర్షాధార ప్రాంతపు చిన్న చిన్న వాగుల్లోకి చేరింది. ఇసుకవాగు, పాములవాగు నక్కవాగులో కలుస్తాయి. నక్కవాగు మంజీరలో, మంజీర గోదావరిలో కలుస్తాయి. వేసవిలో సహజ ప్రవాహం దాదాపు ఉండని వాగులో ఫ్యాక్టరీ నుంచి వచ్చిన నీరే ప్రవాహమైపోయింది. ఏడాది పొడవునా వాగు పారుతున్నదని మొదట కొందరు రైతులు మోటార్లు పెట్టుకున్నారంటే ఆశ్చర్యపడనక్కరలేదు. తరువాత వరి దెబ్బతిన్నది, చెరువుల్లో చేపలు తేలాయి, నీళ్లు తాగిన పశువులు చనిపోయాయి, బోర్లలోంచి రంగు నీళ్లు, వాసన వచ్చే నీళ్లు పడ్డాయి. హైదరాబాద్‌లోని జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ శాస్త్రవేత్తలు 2001లో ప్రచురించిన అధ్యయనం పటాన్‌చెరు మట్టిలో క్రోమియం, ఆర్సెనిక్ వంటి మూలకాలు సాధారణ స్థాయిని మించి ఉన్నాయని చూపింది. ఊళ్లలో అందరూ ‘కంపెనీ నీళ్లు’ అని పిలుచుకుంటున్న దానికి ప్రయోగశాల పేర్లు దొరకడానికి అంత కాలం పట్టింది.

పటాన్‌చెరు కాలుష్య వ్యతిరేక పోరాటంలో ముందున్న వ్యక్తి ఆ ఊళ్లోనే వైద్యవృత్తి చేసిన డాక్టర్ అల్లాని కిషన్‌రావు. చర్మ వ్యాధులతో, శ్వాస సమస్యలతో వచ్చే రోగులను చూస్తూ, ఆ రోగాలకు మూలం మందుల చీటీతో తీరేది కాదని గ్రహించి, 1980ల మధ్య నుంచి ఆయన రైతులతో కలిసి నిరసనలు నడిపారు. ఈ ఉద్యమానికి ఒక ప్రత్యేకత ఉంది. పంట నష్టపోయిన రైతు, చేప చచ్చిన బెస్త, పశువును కోల్పోయిన కాపరి, వాసనకు నిద్రపట్టని పట్టణవాసి ఎవరి ఫిర్యాదు వారు చేస్తే అది రెవెన్యూ శాఖకో, మత్స్యశాఖకో, పశుసంవర్ధక శాఖకో విడివిడి అర్జీగా చేరి అక్కడే ఆగిపోతుంది. ఆ ఫిర్యాదులన్నిటికీ కారణం ఒకే వాగు అని చూపగలిగినప్పుడే అది న్యాయస్థానంలో నిలిచే వాదన అవుతుంది. ఏ వాగులో ఎప్పుడు నురుగు వచ్చింది, ఏ రాత్రి ట్యాంకర్ ఎక్కడ ఖాళీ అయింది అన్న సమాచారం కాలుష్య నియంత్రణ మండలి దస్త్రాల్లో కంటే ఊరివారి జ్ఞాపకంలోనే ముందుగా నమోదైంది. పర్యావరణ న్యాయ ఉద్యమాల బలం నినాదాల్లో కంటే ఇలాంటి ఓపికైన సాక్ష్యసేకరణలోనే ఎక్కువగా ఉంటుంది.

1990లో ‘ఇండియన్ కౌన్సిల్ ఫర్ ఎన్విరో-లీగల్ యాక్షన్’ సంస్థ నేరుగా సుప్రీంకోర్టులో రిట్ పిటిషన్ దాఖలు చేసింది. ప్రాథమిక హక్కుకు భంగం కలిగితే కింది కోర్టులతో నిమిత్తం లేకుండా సుప్రీంకోర్టును ఆశ్రయించే వీలును రాజ్యాంగంలోని 32వ అధికరణం కల్పిస్తుంది. కాలుష్యం లేని నీరు, గాలి 21వ అధికరణంలోని జీవించే హక్కులో భాగమేనన్న వ్యాఖ్యానం అప్పటికి కోర్టుల్లో బలపడుతోంది. ఈ కేసులో జిల్లా న్యాయమూర్తి స్వయంగా నష్టాన్ని పరిశీలించి నివేదిక ఇచ్చారు. రైతులకు పరిహారం, గ్రామాలకు తాగునీరు అందించాలన్న ఆదేశాలు వెలువడ్డాయి. ఇదే సంస్థ రాజస్థాన్‌లోని బిచ్‌రీ గ్రామం విషయంలో వేసిన మరో కేసులో 1996 ఫిబ్రవరిలో వచ్చిన తీర్పు, కాలుష్యం చేసినవారే నష్టపరిహారంతో పాటు శుద్ధి ఖర్చు కూడా భరించాలన్న సూత్రాన్ని భారత న్యాయశాస్త్రంలో స్థిరపరచింది. పటాన్‌చెరు కేసు మాత్రం సుప్రీంకోర్టు నుంచి హైకోర్టుకు, అక్కడి నుంచి 2013లో జాతీయ హరిత ట్రిబ్యునల్ చెన్నై ధర్మాసనానికి బదిలీ అయి, 2017 అక్టోబరులో తీర్పు దాకా వచ్చింది. పిటిషన్ వేసిన ఏడాది పుట్టిన బిడ్డకు అప్పటికి ఇరవయ్యేడేళ్లు.

ఈలోగా పరిష్కారంగా ముందుకు వచ్చినది ఉమ్మడి వ్యర్థజల శుద్ధి కేంద్రం. సొంత శుద్ధి యంత్రాలు పెట్టుకోలేని చిన్న పరిశ్రమలు తమ వ్యర్థాన్ని ట్యాంకర్లలో పంపితే, అక్కడ బ్యాక్టీరియా సాయంతో సేంద్రియ పదార్థాన్ని విచ్ఛిన్నం చేసి వదులుతారు. ఈ ఏర్పాటులో ఒక మౌలిక లోపం ఉంది: శుద్ధి చేయాల్సినవి సూక్ష్మజీవులు, శుద్ధి కావలసిన నీటిలో ఉన్నవి సూక్ష్మజీవులను చంపడానికే తయారైన మందులు. స్వీడన్ శాస్త్రవేత్త యోకిమ్ లార్సన్ బృందం, దాదాపు 90 ఔషధ పరిశ్రమల వ్యర్థాలను స్వీకరించే పటాన్‌చెరు కేంద్రం నుంచి బయటికి వచ్చే నీటిని పరీక్షించి 2007లో ఫలితాలు ప్రకటించింది. సిప్రోఫ్లాక్సాసిన్ అనే యాంటీబయాటిక్ లీటరు నీటిలో 31 మిల్లీగ్రాముల దాకా ఉంది; రోజుకు సుమారు 45 కిలోల మందు ఆ నీటితో పోతున్నదని వారు అంచనా వేశారు. తొంభై లక్షల జనాభా గల స్వీడన్ ఐదు రోజుల్లో వాడే మందు అది. 2009లో వెలువడిన తదుపరి అధ్యయనంలో ఆ పరిసరాల చెరువుల్లో, బావుల్లో కూడా మందులు బయటపడ్డాయి. ఇలాంటి నీటిలో బతికి బట్టకట్టే బ్యాక్టీరియా మందులకు లొంగని రకంగా మారుతుంది. ఆ నిరోధక లక్షణాన్ని మోసే జన్యువులు ఒక సూక్ష్మజీవి నుంచి మరొక దానికి సంక్రమిస్తాయి. వాగు ఒడ్డున మొదలైన ఈ ప్రమాదం జిల్లా సరిహద్దు దగ్గర ఆగదన్నది ప్రపంచ ఆరోగ్య వ్యవస్థల్ని కలవరపెట్టిన అంశం.

నక్కవాగును కాపాడేందుకు తీసుకున్న తరువాతి చర్య మరింత వివాదాస్పదమైనది. శుద్ధి చేసిన నీటిని సుమారు 18 కిలోమీటర్ల గొట్టపు మార్గంతో నగర మురుగు వ్యవస్థలోకి మళ్లించి, అంబర్‌పేట శుద్ధి కేంద్రానికి చేర్చి, అక్కడ గృహాల మురుగుతో కలిపి శుద్ధి చేయాలన్నది ఆ పథకం. ఆ కేంద్రం నుంచి నీరు చేరే మూసీ నది దిగువన అదే నీటితో వరి, పశువుల గడ్డి పండించే రైతులున్నారు. గృహాల మురుగు కోసం రూపొందిన కేంద్రంలో ఔషధ వ్యర్థం కలిపితే గాఢత తగ్గుతుంది గానీ పదార్థం మాయం కాదు. నక్కవాగు రైతు గెలుపులో కొంత భాగం మూసీ రైతు ఖాతాలో నష్టంగా పడిందని అనడం కఠినమైనా అన్యాయం కాదు.

పోల్చి చూడడానికి తెలుగువారు ఉపాధికి వెళ్లే సౌదీ అరేబియా తూర్పు ప్రాంతంలోని హుఫూఫ్ ఉపయోగపడుతుంది. సుమారు 25 లక్షల ఖర్జూర చెట్లున్న అల్-అహ్సా ఒయాసిస్‌కు ఇది ముఖ్య పట్టణం. ఆ ఒయాసిస్ 2018లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేరింది, పక్కనే ప్రపంచ ప్రసిద్ధ ఘవార్ చమురు క్షేత్రం ఉంది. తోటల్లో మిగిలిన ఉప్పునీరు, పట్టణ వ్యర్థజలం కాలువల ద్వారా అల్-అస్ఫర్ సరస్సుకు చేరతాయి. బయటికి దారిలేని ఆ సరస్సులో నీరు ఆవిరైపోగా లవణాలు, లోహాలు పేరుకుంటాయి. సౌదీ ప్రభుత్వం 2019లో జాతీయ వ్యర్థ నిర్వహణ కేంద్రాన్ని, ఆ వెంటనే కొత్త పర్యావరణ చట్టాన్ని తెచ్చింది, కానీ 2011 మార్చిలో ప్రకటించిన నిషేధం వల్ల అక్కడ బహిరంగ ప్రదర్శనకు తావు లేదు, వలస కార్మికుడి నివాసం చాలాకాలంగా యజమాని ఇచ్చే అనుమతితో ముడిపడి వచ్చింది. అందువల్ల అక్కడ కాలుష్యం ప్రభుత్వ శాఖల, విశ్వవిద్యాలయ పరిశోధకుల అంశంగానే ఉంటుంది. నక్కవాగు రైతు వంటి వాది కనిపించడు. ఇరవయ్యేడేళ్లు సాగిన వ్యాజ్యమైనా సాగడానికి కొన్ని స్వేచ్ఛలు అవసరమని ఈ పోలిక గుర్తుచేస్తుంది.

ఇటీవలి కాలంలో పరిశ్రమలు చూపే సమాధానం ‘శూన్య ద్రవ విసర్జన’. వ్యర్థజలాన్ని మరిగించి ఆవిరి చేసి, ఆ ఆవిరిని చల్లార్చి మళ్లీ వాడుకుని, చివరికి మిగిలిన లవణాన్ని దుండిగల్‌లోని ప్రమాదకర వ్యర్థాల కేంద్రానికి పంపడం దీని సారాంశం. 2001 నుంచి నడుస్తున్న ఆ కేంద్రంలో బంకమట్టి పొర, దాని మీద మందపాటి ప్లాస్టిక్ పొర పరిచిన గుంతల్లో వ్యర్థాన్ని పూడ్చుతారు; అడుగున ఊరే విషద్రవాన్ని తోడి శుద్ధి చేయాలి, గుంత మూసేశాక కూడా దశాబ్దాల తరబడి కాపలా కాయాలి. నిజాయితీగా నడిపితే ఇది వాగులోకి వదలడం కంటే ఎంతో మేలు. ఖరీదైన ఆవిరి యంత్రం బిల్లు తప్పించుకోవాలనుకునేవారికి వర్షాకాలపు రాత్రి, పొంగే వాగు ఎప్పుడూ అందుబాటులోనే ఉంటాయన్నది పారిశ్రామికవాడల గ్రామస్థుల దీర్ఘకాలిక ఫిర్యాదు.

చట్టం ఈ ఫిర్యాదుకు ఎంత దూరంలో ఉందో చూపడానికి ఒక ఉదాహరణ చాలు. కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి 2009లో దేశంలోని 88 పారిశ్రామిక ప్రాంతాలకు కాలుష్య సూచీ కట్టి, 70 పాయింట్లు దాటిన 43 ప్రాంతాలను ‘తీవ్ర కలుషితం’గా ప్రకటించినప్పుడు, పటాన్‌చెరు-బొల్లారం, విశాఖపట్నం రెండూ ఆ జాబితాలో ఉన్నాయి. ఫ్యాక్టరీ వ్యర్థజలంలో యాంటీబయాటిక్‌లకు గరిష్ఠ పరిమితులు నిర్ణయిస్తూ కేంద్ర పర్యావరణ శాఖ 2020 జనవరిలో ముసాయిదా వెలువరించింది; 2021 ఆగస్టులో వచ్చిన తుది నోటిఫికేషన్‌లో ఆ పరిమితులు లేవు. ప్రపంచ ఆరోగ్య సంస్థ ఈ విషయంలో మార్గదర్శకాలు ఇచ్చింది 2024 సెప్టెంబరులో.

ఇంతలో పటాన్‌చెరు పాఠం ఇతర జిల్లాలకు పాకింది. రంగారెడ్డి జిల్లా ముచ్చర్ల ప్రాంతంలో వేలాది ఎకరాల్లో తలపెట్టిన ఫార్మా సిటీని వ్యతిరేకించిన రైతులు భూమి ధరతో పాటు నీళ్ల గురించి కూడా మాట్లాడారు. పటాన్‌చెరులో ఏం జరిగిందో వారికి వేరెవరూ చెప్పాల్సిన పని లేదు. 2024 నవంబరులో వికారాబాద్ జిల్లా లగచర్లలో ఔషధ పరిశ్రమల కోసం భూసేకరణపై అభిప్రాయ సేకరణకు వెళ్లిన అధికారులపై దాడి జరిగి, పలువురు గ్రామస్థులు అరెస్టయ్యారు. హింసను సమర్థించలేం గానీ, అప్పటికే ఆ గ్రామాల్లో నెలల తరబడి సాగిన శాంతియుత అభ్యంతరానికి వార్తల్లో చోటు దక్కింది ఆ తరువాతనే. ఆ నెలాఖరులో ప్రభుత్వం ఫార్మా భూసేకరణ నోటిఫికేషన్‌ను ఉపసంహరించుకుని, అదే ప్రాంతంలో బహుళార్థ పారిశ్రామిక పార్కు కోసం మరో నోటిఫికేషన్ జారీచేసింది. ఆ పార్కుకు ఏ పరిశ్రమలు వస్తాయి, వాటి వ్యర్థం ఏ వాగు వైపు వంగుతుంది అన్న ప్రశ్నను లగచర్లవారు ఫ్యాక్టరీ పునాది పడకముందే అడుగుతున్నారు. నక్కవాగు ఒడ్డున అదే ప్రశ్న వాగు రంగు మారాక మొదలైంది.